మిల్లు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే - ఎవడికి?

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఆ సామెత కట్టింది ఏనుగు గల ఆసామి. మావటివాడు కాదు. ఏనుగు చస్తే దంతాలు ఆసామి ఇంటికి పోతాయి. మావటివాడి ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. ఫ్యాక్టరీల సంగతీ ఇంతే. నడిచినంత కాలం లాభం తిన్న చెయ్యీ, మూతపడ్డాక భూమి అమ్ముకున్న చెయ్యీ ఒక్కటే. రోడ్డున పడ్డోడు మాత్రం వేరే.

"సమ్మెలు చేసి కార్మికులే మిల్లులు మూయించుకున్నారు" అని మన ఊళ్లల్లో చదువుకున్న పెద్దమనుషులు చెప్తుంటారు. హోటల్లో టీ తాగుకుంటా తీర్పులిస్తారు. బతుకు పోయింది ఎవడిదో వాడి మీదే నేరం మోపుతారు. ఇది పచ్చి అబద్ధం. ఎట్లా అబద్ధమో బొంబాయి బట్టల మిల్లుల కథే చెప్తుంది.

బొంబాయే ఎందుకు? తెలంగాణ పల్లె నుంచి బయటపడే దారులు మూడే అని మన పెద్దలు చెప్పేవాళ్లు: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. అందులో మొదటిది బొంబాయి. అక్కడి కామాటిపురకు ఆ పేరు రాళ్లు మోసి కట్టడాలు కట్టిన మన తెలుగు కామాటీల వల్ల వచ్చిందే. మన పద్మశాలీలు అక్కడి మగ్గాల మీద నేశారు. అక్కడ మిల్లు సైరన్ ఆగితే ఇక్కడ మనియార్డరు ఆగింది. కాబట్టి ఇది పరాయి ఊరి ముచ్చట కాదు.

తలుపు తెరిచిన నాడూ మనకు అర తలుపే

1856లో బొంబాయిలో మొదటి నూలు మిల్లు నడక మొదలుపెట్టింది. తర్వాత పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతమంతా చిమ్నీలతో నిండిపోయింది. ఆ ప్రాంతానికి జనం పెట్టుకున్న పేరు గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు. కొంకణం నుంచి, సతారా నుంచి, దక్కను కరువు నేల నుంచి బీదజనం అక్కడికి చేరారు.

ఆ మిల్లు కూలీలను మొట్టమొదట కూడగట్టిందెవరు? మార్క్సు పుస్తకం చదివిన అగ్రవర్ణ మేధావి కాదు. మహాత్మా ఫూలే సహచరుడు, సత్యశోధక సమాజం మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే. 1884లోనే ఆయన మిల్లు కూలీల సభలు పెట్టి కోరికల పత్రం రాయించాడు. 1890లో ఆదివారం సెలవు సాధించాడు. ఈ రోజు ఆదివారం సెలవు అనుభవించే ప్రతి గుమాస్తా ఆ బహుజనుడికి బాకీ ఉన్నాడు. ఆ పేరు ఎంతమందికి తెలుసు? ఏ పాఠంలో ఉంది?

మిల్లులో కులం లేదని కొందరు రాస్తారు. అక్కడ యంత్రానికి కులం లేదు గాని యంత్రం ముందు నిలబడినోడికి ఉంది. నేత ఖాతాలో కూలి ఎక్కువ. ఆ ఖాతాలోకి అంటరానోళ్లను అడుగు పెట్టనియ్యలేదు. కారణం చూడండి. నాడెలో కండె అయిపోతే కొత్త కండె పెట్టి, దారం కొసను నోటితో పీల్చి నాడె కన్నంలోంచి లాగాలి. ఒకడు నోరు పెట్టిన నాడెకు ఇంకొకడు నోరు పెట్టాలి. మహారు నోరు పెట్టిన నాడెను మరాఠా నేతగాడు ముట్టడు! అంతే, మన వాళ్లందరినీ కూలి తక్కువైన నూలు ఖాతాల్లోకి తోసేశారు. ఊళ్లో మంచినీళ్ల బాయి దగ్గర ఏం జరిగిందో మిల్లులో నాడె దగ్గర అదే జరిగింది.

1928లో బొంబాయి మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగింది. కోరికల జాబితాలో అన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ యూనియన్ నాయకులను నిలదీశాడు. అన్ని ఖాతాల్లోనూ దళితుడికి పని హక్కు ఉందని మీరు ఒప్పుకోకపోతే మా వాళ్లను సమ్మెలో ఉండమని నేనెట్లా చెప్తానన్నాడు. అప్పుడు ఇష్టం లేకపోయినా ఆ కోరికను చేర్చారు. మిల్లు యజమానులు నవ్వి, ఇది అన్యాయమే అయితే ఆ అన్యాయం చేసింది మేం కాదు గదా అన్నారు. దొంగ నోట కూడా ఒక్కోసారి నిజం వస్తుంది. తోటి కార్మికుడే తలుపు మూశాడు, యజమాని ఆ మూసిన తలుపు మీద లాభం చేసుకున్నాడు.

అందుకే 1938లో మన్మాడ్ రైల్వే దళిత కార్మికుల సభలో బాబాసాహెబ్ కార్మికుడికి శత్రువులు ఇద్దరన్నాడు, ఒకటి బ్రాహ్మణిజం, ఇంకోటి పెట్టుబడిదారీ విధానం. అదే ఏడాది నవంబరు 7న సమ్మె హక్కును కుదించే బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒక్క రోజు సమ్మె నడిపించింది కూడా ఆయనే. కులం సంగతి మాట్లాడినోడు కార్మిక ఐక్యతను చీలుస్తాడని మన మీద నింద వేసే అన్నలు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకొని చదవాలి.

అయినా మిల్లు ఎందుకు కావాలి?

ఇంత వివక్ష ఉన్న మిల్లు మూతపడితే మనకేం పోయింది అని ఒక దళిత యువకుడు మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలి.

మిల్లులో కూలి నగదుగా వచ్చింది. గింజలు కొలిచి ఒళ్లో పోసే దొర అక్కడ లేడు. వెట్టి లేదు. చచ్చిన గొడ్డును లాగమని కబురు పెట్టే పటేలు లేడు. చాల్‌లో ఒంటి గదే, పది మందే, అయినా ఆ గదిలో లాంతరు కింద పిల్లోడు చదువుకున్నాడు. బాబాసాహెబ్ స్వయంగా పరేల్ చాల్‌లో, ఈ కూలీల నడుమనే ఏళ్ల తరబడి బతికాడు. మాంగ్ కులంలో పుట్టిన అన్నాభావు సాఠే ఊరు విడిచి బొంబాయి చేరి మిల్లులో పని చేశాడు, ఆ మిల్లు ఊరే ఆయన్ను లోకశాహీరును చేసింది. 1972లో దళిత పాంథర్లు పుట్టింది ఈ నగరంలోనే. 1974లో వర్లీ బీడీడీ చాళ్లలో దాడులకు ఎదురు నిలబడింది ఈ కూలీల బిడ్డలే.

అంటే మిల్లు మనకు స్వర్గం కాదు, ఊరి గవిని దాటే దారి. ఆ దారి మూసేస్తే పోయేది కూలి ఒక్కటే కాదు. దళితుడికి వెనక్కి నడవడం తప్ప వేరే దారి మిగలదు. వెనక ఉన్నది ఊరు. ఊళ్లో ఎవరున్నారో మనకు చెప్పాలా?

సమ్మె కాలంలో బయటపడ్డ నిజం

1982 జనవరి 18న దాదాపు రెండున్నర లక్షల మంది బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. దత్తా సామంత్ నాయకుడు. బోనసు గొడవతో మొదలైంది గాని అసలు మంట వేరు. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం కింద గుర్తింపు ఉన్నది ఒక్క యూనియన్‌కే. కార్మికులు దాన్ని వద్దనుకున్నా సరే, వాళ్ల తరఫున సంతకం పెట్టే హక్కు దానిదే. ఆ సంకెల తెంచాలన్నదే పోరాటం.

యజమానులు ఏం చేశారు? దశాబ్దాల తరబడి లాభం పిండుకొని పాత యంత్రాలనే నడిపారు. కొత్తవి కొనలేదు. మిల్లు ఆగినా వాళ్ల వ్యాపారం ఆగలేదు. భివండీ మరమగ్గాల మీద బట్ట నేయించి తమ ముద్ర కొట్టి అమ్ముకున్నారు. భివండీలో నేసింది ఎవరు? ఫ్యాక్టరీ చట్టం గాలి సోకని షెడ్లలో పన్నెండేసి గంటలు నిలబడ్డ వలస కూలీలు. అందులో మన తెలుగు పద్మశాలీలు వేల మంది. బొంబాయిలో ఒక పేదవాడి చేతిలో పని ఊడబెరికి భివండీలో ఇంకొక పేదవాడికి సగం కూలికి అప్పగించారు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. యజమాని ఇద్దరి మీదా సంపాదించాడు.

ఏడాది దాటినా సమ్మె నిలబడింది. దాన్ని ఇప్పటికీ ఎవరూ అధికారికంగా విరమించలేదు. ఎట్లా నిలబడింది? చాలామంది కార్మికులు ఊళ్లకు పోయారు. ఊళ్లో ఎకరమో అరెకరమో ఉన్నోడు జొన్నలు పండించుకొని, బొంబాయిలో ఉన్న అన్నకు మూట పంపాడు. భూమి ఆసరా అయ్యింది. మరి భూమి లేనోడు? దళితుడు ఏ మూట కోసం ఎదురు చూడాలి? భూమి ఉన్నోడికి ఊరు ఆసరా, భూమి లేనోడికి ఊరే శిక్ష. ఒకే సమ్మె, ఒకే జెండా, కాని ఆకలి ఇద్దరికీ ఒక్కటి కాదు. ఈ నిజం ఏ తీర్మానంలోనూ రాయలేదు. మేం రాస్తున్నాం.

సమ్మె చితికాక లక్షకు పైగా కార్మికులు మళ్లీ మిల్లు గేటు దాటలేదు. బదిలీ కార్మికులకు చేతిలో కాగితమే లేదు. మిల్లు కూలీలకు అన్నం వండి బతికిన ఖానావళి ఆడవాళ్ల పొయ్యిలు ఆరిపోయాయి. మిల్లు లోపలి ఆడకూలీల సంగతి అంతకు ముందే తేల్చేశారు. 1920లలో మిల్లు కూలీల్లో దాదాపు అయిదో వంతు ఆడవాళ్లు. కొత్త యంత్రాలు, కొత్త షిఫ్టులు అంటూ వాళ్లను ఏరి బయటికి పంపుతుంటే పెద్ద యూనియన్లు గట్టిగా అడ్డం పడలేదు. ముందు ఆడదాన్ని, తర్వాత బదిలీవాణ్ణి, చివరికి పర్మినెంటువాణ్ణి. కత్తి ఒక్కటే, వరస మాత్రం మెడ బలాన్ని బట్టి.

ఫ్యాక్టరీ మూతపడితే పట్నం ఒక్కసారిగా కూలదు. ముందు కిరాణా కొట్లో అప్పు పెరుగుతుంది. తర్వాత పెండ్లాం మెడలోది కుదువకు పోతుంది. తర్వాత పిల్లోడి బడి ఆగుతుంది. ఇరవై ఏళ్లు నూలు వడికిన చేతులు గేటు ముందు కావలి కర్ర పట్టుకుంటాయి, లేదంటే బండి మీద కూరగాయలు అమ్ముతాయి. పని దొరకని పిల్లలను ముఠాలు పిలుస్తాయి. ఇక దళితుడికి ఎదురుగా ఎప్పుడూ ఖాళీగా ఉండే ఉద్యోగం ఒకటి ఉంటుంది. చీపురు. మిల్లులో మిషను మనిషి అయినోడు కాంట్రాక్టరు కింద మళ్లీ మోరీలోకి దిగాడు. పేదరికం అందరికీ వస్తుంది. మనకు పేదరికంతో పాటు కులం కూడా తిరిగొస్తుంది.

చచ్చిన మిల్లుకు కట్టిన వెల

ఇప్పుడు ఏనుగు దంతాల సంగతి చూద్దాం. బొంబాయి నడిబొడ్డున మిల్లుల కింద ఉన్న భూమి దాదాపు 600 ఎకరాలు. 1991లో ప్రభుత్వం నిబంధన తెచ్చింది. మిల్లు భూమిని అమ్మదలిస్తే మూడు వాటాలు చెయ్యాలి. ఒకటి ఊరి ఖాళీ స్థలాలకు, ఒకటి పేదల ఇళ్లకు, ఒకటి యజమానికి. వినడానికి బాగుంది. 2001లో చిన్న సవరణ చేశారు. మూడు వాటాలు మొత్తం భూమికి కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగాకే అన్నారు. మిల్లంటేనే కట్టడం. ఇక ఖాళీ ఎంత మిగిలింది? ఒక్క మాట మార్చి ఎకరాలకు ఎకరాలు మింగారు. జనం కోర్టుకెక్కితే 2005లో హైకోర్టులో గెలిచారు, 2006లో సుప్రీంకోర్టులో ఓడారు.

2005లోనే ప్రభుత్వ రంగంలో ఉన్న ముంబయి టెక్స్‌టైల్ మిల్లు భూమి వేలంలో 702 కోట్లు పలికింది. నడిచినప్పుడు నష్టాల మిల్లు, చచ్చాక బంగారు గని! అలాంటప్పుడు మిల్లు నడపాలని ఎవడికుంటుంది? మందు కొనకుండా మామను చంపి ఆస్తి పంచుకున్న అల్లుడి కథ ఇది.

ఆ భూముల్లో మాల్‌లు, ఆకాశం అంటే మేడలు, తాగుడు హోటళ్లు లేచాయి. చిమ్నీలను అలంకారానికి ఉంచారు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చచ్చిపోయారు. మిల్లు కూలీల కాలం నాటి స్టేషన్ మీద ఆఫీసుల జనాన్ని కుమ్మరించారు, వంతెనను మాత్రం వెడల్పు చెయ్యలేదు. అదే ఏడాది డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలో హోటళ్లకు మంటలంటుకొని 14 మంది చచ్చారు. భూమికి ధర కట్టినోళ్లు మనిషికి కట్టలేదు.

మరి మిల్లు కార్మికుడికి ఇల్లు? 2012లో మొదటి లాటరీ తీశారు. తర్వాత లక్షన్నరకు పైగా దరఖాస్తులు చేరాయి. ఇచ్చిన ఇళ్లు కొన్ని వేలు. మిగతా వాళ్లను నగరానికి ఎంతో దూరాన ఉన్న వంగణి, షేలు వైపు పొమ్మన్నారు. లాటరీ! పని చేసినోడి హక్కును జూదం చేశారు. దరఖాస్తు పట్టుకొని ముసలోళ్లు చచ్చిపోతున్నారు, వాళ్ల పిల్లలు ఆ కాగితాన్ని వారసత్వంగా మోస్తున్నారు.

మన గడప ముందు

ఇప్పుడు మన దిక్కు చూడండి. ఓరుగల్లుకు అజంజాహీ మిల్లు ప్రాణం. 1934లో పెట్టింది. అదిప్పుడు లేదు. హైదరాబాదులో ఐడీపీఎల్‌ను 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. అల్విన్ 1990లలో ముక్కలై ప్రైవేటు చేతికి పోయింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న బోధన్ నిజాం షుగర్స్‌లో 2002లో పెద్ద వాటా ప్రైవేటుకు అప్పజెప్పారు, 2015 డిసెంబరులో దానికి తాళం పడింది. చెరుకు రైతు పోయాడు, చెరుకు కొట్టే కూలీ పోయాడు, బండి కట్టేటోడు పోయాడు.

వీటిల్లో చాలా వరకు ప్రభుత్వ ఫ్యాక్టరీలు. ప్రభుత్వ ఫ్యాక్టరీ అంటే రోస్టరు. రోస్టరు అంటే ఎస్సీలకు 15 శాతం. మన వాడలో మొదటి స్లాబు ఇల్లు, మొదటి డిగ్రీ, మొదటి నర్సు అక్క, మొదటి టీచరు అన్న ఎక్కడ నుంచి వచ్చారో లెక్క తీయండి. చాలా ఇళ్లలో దాని వెనక ఒక ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఉంటుంది. రిజర్వేషన్లు రద్దు చేస్తూ ఒక్క జీవో రాలేదు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. ఉద్యోగం ఉన్న ఫ్యాక్టరీనే మూసేశారు. బాయిని మూయకుండా నీళ్లు ఎండగొట్టిన తెలివి ఇది. మండల్ రోజుల్లో ప్రతిభ పేరు మీద రోడ్డెక్కినోళ్లు ఈ మూతల మీద ఒక్క రోజైనా రోడ్డెక్కారా?

మూసిన ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకోదనేది ఇంకో అబద్ధం. 1999లో మూతపడ్డ రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో 2021లో కొత్త ప్లాంటు ఉత్పత్తి మొదలుపెట్టింది. 2014లో ఆగిన సిర్పూర్ పేపర్ మిల్లు 2018లో మళ్లీ నడిచింది. సర్కారు తలుచుకుంటే తాళాలు ఊడతాయి. కాని తెరిచిన నాడు పాత పర్మినెంటు పోస్టులు ఎన్ని, కాంట్రాక్టువి ఎన్ని, రోస్టరు ఏమయ్యింది అని అడిగే నోరు మనది కావాలి. ఎందుకంటే కాంట్రాక్టరుకు రోస్టరు లేదు.

చట్టం కూడా ఎటు నడుస్తుందో తెలుసుకోండి. 100 మంది పనిచేసే ఫ్యాక్టరీ మూయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలని పాత చట్టం చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ లెక్కను 300కు పెంచింది. 299 మంది బతుకు తెంచడానికి ముందుగా ఎవర్నీ అడిగే పని లేదు. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం ఫ్యాక్టరీని తెగనమ్మితే కార్మికుడి బకాయిల్లో చివరి 24 నెలలవే బ్యాంకు అప్పుతో సమానం. అంతకు ముందువి అడుగుకు పోతాయి. అంటే బకాయిల మీద ఊరికే ఎదురు చూసిన ప్రతి నెలా మనకే నష్టం.

ఏం చెయ్యాలి?

ఏడ్చి కూర్చోవడానికి ఇది రాయలేదు. సంఘం పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పనులు చెయ్యాలి.

ఒకటి. మీ దగ్గర్లో మూతపడ్డ లేదా మూతపడబోయే ఫ్యాక్టరీలో పని చేసిన అందరి పేర్లు రాయండి. పర్మినెంటు వాళ్లవే కాదు. కాంట్రాక్టు, బదిలీ, ఊడ్చే అక్క, లారీలెక్కించే హమాలీ, అందరివీ. పేరు పట్టీలో లేనోడు పరిహారంలోనూ ఉండడు.

రెండు. పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు, గేటు పాసు, జీతం రసీదు, ఏది దొరికితే అది దాచండి. అయిదేళ్ల సర్వీసు ఉంటే గ్రాట్యుటీ హక్కు. మూసివేత పరిహారం ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం. ఇది ఎవడి దయా కాదు.

మూడు. ఫ్యాక్టరీ కింద భూమి ఎవరిది, ఏ ఏడాది ఏ షరతు మీద తీసుకున్నారు, ఇప్పుడు ఎవరి పేరు మీదికి మారుతోంది, సమాచార హక్కు కింద అడగండి. పరిశ్రమ కోసం తీసుకున్న భూమి ప్లాట్లుగా మారుతుంటే ముందు వాటా అక్కడ చెమటోడ్చినోడిది, భూమి పోగొట్టుకున్నోడిది.

నాలుగు. ఊళ్లో భూమి పోరాటాన్నీ పట్నంలో పని పోరాటాన్నీ వేరు చెయ్యకండి. బొంబాయి మనకు నేర్పిన పాఠం ఇదే. కాళ్ల కింద అరెకరం లేనోడు ఎంత పెద్ద సమ్మెలోనైనా ముందు పడిపోతాడు.

అయిదు. యూనియన్లతో కలవండి, కాని కళ్లు తెరుచుకొని కలవండి. కోరికల పత్రంలో కాంట్రాక్టు కార్మికుడి మాట, ఆడకూలీ మాట, రోస్టరు మాట మొదటి పేజీలో ఉందా లేదా చూడండి. లేకపోతే 1928లో బాబాసాహెబ్ అడిగినట్టే అడగండి.

పద్మశాలీ అన్నలారా, మీకూ ఒక మాట. ఒకప్పుడు నాడె ముట్టనియ్యని నేత ఖాతా ఇప్పుడు మీకూ లేదు, మాకూ లేదు. సిరిసిల్లలో మరమగ్గం ఆగి ఉరితాడుకు వేలాడిన నేతన్న గోస మా గోస కాదని మేం ఎన్నడూ అనలేదు. మా గోస మీదని మీరు ఒక్కసారి అనండి. ఆ రోజు యజమానికి నిద్ర పట్టదు.

చిమ్నీ పొగ ఆగినంత మాత్రాన మిల్లు చావదు. దాన్ని నడిపినోళ్లు ఎవరి దారిన వాళ్లు చెదిరిపోయిన నాడే చస్తుంది. చెదరకండి. ఏనుగు చచ్చినా వెయ్యే అన్నోడికి మావటివాళ్ల లెక్క చెప్పాల్సిన రోజొచ్చింది.

జై భీం!